ఒకే ఒరలో రెండు కత్తులు



నేను సౌదీ అరేబియాలోని దమ్మాం నుంచి మాట్లాడుతున్నాను. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఎం.సి.ఏ. చదివాను. కన్సల్టెంటు అనే పెద్ద పేరు ఉంది గానీ, చేసేది ఇతరుల కంప్యూటర్లకు వచ్చిన తలనొప్పులు కుదర్చడం. ఏదైనా చరిత్ర విషయం మీద మాట్లాడమన్నారు. చరిత్ర అంటే కాకతీయులో, గోల్కొండ నవాబులో కావాలి మామూలుగా. నాకు తెలిసిన చరిత్ర అది కాదు. ఒకే కంప్యూటర్లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టుకున్నవాళ్లు, ఒకదాంట్లో దాచుకున్న ఫైలును రెండోదాంట్లో తెరవడానికి నలభై ఏళ్లుగా పడుతున్న పాట్లు, అదీ నాకు తెలిసిన చరిత్ర. నవ్వకండి. ఆ పాట్లలో మా నాయనమ్మ గొంతు ఒకటి పోయింది. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మా బాపు 1989లో రియాద్ వచ్చాడు, 1997లో తిరిగి ఊరికి వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో ఉత్తరం చేరాలంటే వారాలు పట్టేది. ఫోను చేయాలంటే నెల జీతంలో చెప్పుకోదగ్గ ముక్క పోయేది. పైగా మా ఇంట్లో చదవగలిగినవాళ్లు తక్కువ. అందుకని గల్ఫుకు పోయినవాళ్ల ఇళ్లల్లో క్యాసెట్లే ఉత్తరాలు. అక్కణ్ణుంచి ఒకటి మాటలు నింపి పంపిస్తే, ఇంటిల్లిపాదీ టేపురికార్డరు చుట్టూ కూచుని వినేవాళ్లు. మళ్లీ అందరూ తలో నాలుగు మాటలు చెప్పి, సెలవు అయిపోయి వెనక్కి వెళ్లే మనిషి సంచిలో తిప్పి పంపేవాళ్లు. బాపు తిరిగొచ్చేటప్పుడు మేం పంపిన క్యాసెట్లు కూడా మూట కట్టి తెచ్చుకున్నాడు. నాయనమ్మ మాట్లాడినవి, పాడినవి అన్నీ వాటిలోనే ఉన్నాయి. ఆమె ఫోటో ఒక్కటుంది మా ఇంట్లో. గొంతు మాత్రం ఆ టేపుల్లోనే.

2013లో, ఇక్కడికి వచ్చే ముందు సంవత్సరం, ఆ క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించాను. 90 నిమిషాల క్యాసెట్ సీడీ నాణ్యతలో ఎక్కిస్తే దాదాపు 950 మెగాబైట్లు అవుతుంది. నా లాప్‌టాప్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉండేవి. ఎక్కించింది లైనక్స్‌లో. విండోస్‌లో కూడా వినబడాలి కదా, తమ్ముడు వాడేది అదే. ఇక్కణ్ణుంచి మన చరిత్ర.

1983లో ఐబీఎం వాళ్లు పీసీ ఎక్స్‌టీ అనే మోడల్ తెచ్చారు. దాంట్లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు. ఇవాళ ఫోనుతో తీసే రెండు మూడు ఫోటోలకు సరిపోయే చోటు. అంత చిన్న డిస్కును కూడా ముక్కలు చేసుకునే వీలు పెట్టారు వాళ్లు. డిస్కు మొట్టమొదట ఒక చిన్న పట్టిక, అందులో నాలుగు గడులు. ఒక ముక్కలో డాస్, ఇంకో ముక్కలో వేరే సిస్టమ్. అన్నదమ్ములు పొలం పంచుకుని మధ్యలో గెట్టు వేసుకున్నట్టు. గెట్టు దగ్గర అందరికీ ఒప్పందం కుదిరింది. గెట్టు అవతల ఏం పండిందో చూసే దారి మాత్రం లేదు. ప్రతి సిస్టమ్‌కూ తన ముక్క తనకు తెలుసు. పక్కది "తెలియని రకం" అంతే.

ఎందుకలా? డిస్కులో ఫైలు ఒక్క చోట బుద్ధిగా కూచోదు. ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఏ ఫైలు ఏ ముక్కల్లో ఉందో రాసిపెట్టే పద్దు ఒకటి కావాలి. మన ఊళ్లల్లో పట్వారీ దగ్గర పహాణీ ఉండేది చూడండి, ఏ సర్వే నంబరు ఎవరిదో రాసి ఉండేది, అలాంటిది. పహాణీ పోతే భూమి ఎక్కడికీ పోదు, కానీ ఎవరిదో ఎవరికీ తెలియదు. ఒక్కో సిస్టమ్‌ది ఒక్కో రకం పహాణీ. రాసిన భాష వేరు, గీసిన గళ్లు వేరు.

వీటిలో పాతది, పేదది ఫ్యాట్. 1977లో మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ అనే ఆయన ఫ్లాపీల కోసం దీన్ని తయారుచేశాడు. తర్వాత డాస్‌లోకి వచ్చింది, డాస్‌తో పాటు ప్రపంచమంతా పాకింది. పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాలు. ఫైలు ఎవరిదో రాసుకోదు, ఎవరు చూడొచ్చో రాసుకోదు. సరిగ్గా ఈ పేదరికమే దాన్ని బతికించింది. అంత చిన్న పద్దు కాబట్టి ఎవరైనా నేర్చుకోగలిగారు. ఇప్పటికీ కెమెరా కార్డుల్లో, కారు స్టీరియోలో పెట్టే పెన్ డ్రైవుల్లో అదే, లేదా దాని బిడ్డలే.

ఇక రెండో కత్తి, లైనక్స్. దీని పుట్టుకే ఒక కంప్యూటర్లో రెండు సిస్టమ్‌లతో మొదలైంది. ఈ సంగతి చాలామంది గుర్తుపెట్టుకోరు. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు మినిక్స్ అనే సిస్టమ్ మీద కూచుని లైనక్స్ రాశాడు. మినిక్స్ అంటే ప్రొఫెసర్ టానెన్‌బామ్ పాఠాలు చెప్పడానికి 1987లో విడుదల చేసినది. లైనస్ తన కొత్త సిస్టమ్‌కు సొంత పహాణీ రాసుకోలేదు, మినిక్స్‌దే వాడాడు. ఇక్కడ రాసిన ఫైలు అక్కడ కనబడాలి, అక్కడ తయారైంది ఇక్కడ నడవాలి, అదీ అవసరం. దాంతో మినిక్స్ హద్దులు కూడా వచ్చాయి: పేరుకు 14 అక్షరాలు, డిస్కు ముక్కకు 64 మెగాబైట్లు.

ఇంకో ముచ్చట కూడా ఆయనే చెప్పుకున్నాడు. ఒకరోజు మోడెంతో యూనివర్సిటీకి డయల్ చేయబోయి, పొరపాటున ఆ డయల్ ఆదేశాన్ని హార్డ్ డిస్కు మీదకే రాసేశాడట. మినిక్స్ ముక్క పాడైపోయింది. మళ్లీ మినిక్స్ ఎక్కించుకోవడమా, లైనక్స్‌నే సొంత కాళ్ల మీద నిలబెట్టడమా అని ఆలోచించి, రెండోదానికే సిద్ధమయ్యాడు. అంతటివాడికీ తప్పలేదు, నేనెంత!

తర్వాత 1993లో రెమీ కార్డ్ రాసిన ఎక్స్‌టెండెడ్-2 అనే పద్దు లైనక్స్‌కు సొంతదైంది. పక్కింటి డాస్ ముక్కను చదవడం, రాయడం మాత్రం వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ చేతి చలవ. కంప్యూటర్ వెయ్యగానే "ఏ సిస్టమ్ కావాలి?" అని అడిగే లిలో అనే ప్రోగ్రాం కూడా ఆయనదే. అంటే ఇంటికి రెండు వాకిళ్లు పెట్టిందీ, మధ్య గోడలో కిటికీ పెట్టిందీ ఒక్కడే. ఆ కిటికీ ఒకవైపే తెరుచుకునేది. లైనక్స్ విండోస్ ఫైళ్లు చూసేది. విండోస్ అటు చూసేది కాదు. చూడాలంటే బయటివాళ్లు రాసిన చిన్న చిన్న ప్రోగ్రాంలు తెచ్చుకోవాల్సిందే.

మన దేశంలో 1990ల రెండో సగంలో పీసీక్వెస్ట్ పత్రిక తన సీడీల్లో లైనక్స్ ఇచ్చేది. మా సీనియర్లు చాలామంది అలాగే మొదలుపెట్టారు. ఇంట్లో ఉన్నది ఒక్క కంప్యూటరే, దాంట్లో నాన్నగారి లెక్కలున్న విండోస్ తీసేస్తే వీపు పగులుతుంది. కాబట్టి రెండూ ఉంచుకోవాలి. దీనికి సిద్ధాంతాలేమీ లేవు, బీద అవసరం. సౌదీలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చింది 1999లో, అది కూడా రియాద్‌లోని కింగ్ అబ్దులజీజ్ సైన్స్ సిటీ అనే ఒక్క ద్వారం గుండా. అంతకు ముందు ఇలాంటి డిస్కులు ఎవరో ఒకరి సంచిలోనే రావాలి. మా క్యాసెట్ల లాగే.

ఫ్యాట్ ఉండగా పెద్ద గొడవ లేదు. గొడవ ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో వచ్చింది. 1993లో విండోస్ ఎన్‌టీతో పుట్టిన ఈ పద్దు చాలా గట్టిది. కరెంటు పోయినా తట్టుకుంటుంది, ఎవరు చూడాలో ఎవరు చూడకూడదో రాసుకుంటుంది. కానీ అది ఎలా రాసి ఉందో పూర్తిగా బయటికి చెప్పలేదు. 2001లో ఎక్స్‌పీ వచ్చి ఎన్‌టీఎఫ్‌ఎస్ ఇంటింటికీ చేరేసరికి లైనక్స్ వాళ్ల దగ్గర చదివే సాధనం ఉంది, మార్టిన్ ఫాన్ లోవిస్ అంతకు ముందే రాశాడు. ఆంటన్ అల్టపర్మకోవ్ దాన్ని కొత్తగా రాసి 2002లో కెర్నెల్‌లో పెట్టాడు. చదవొచ్చు. రాస్తే మాత్రం మీ ఖర్మ. కెర్నెల్ తయారుచేసుకునే చోట ఆ ఎంపిక పక్కనే "ప్రమాదకరం" అని పెద్దక్షరాలతో రాసి ఉండేది.

దీనికి 2003లో యాన్ క్రతోచ్విల్ వేసిన ఉపాయం నాకు భలే ఇష్టం. పహాణీ భాష మనకు అర్థం కాదు, సరే, రాసిన పట్వారీనే పిలిపిద్దాం అన్నాడు. విండోస్‌లో ఉండే అసలు ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవరునే తెచ్చి, దాని చుట్టూ విండోస్ లాంటి వాతావరణం కల్పించి, లైనక్స్‌లో పని చేయించాడు. పాపం ఆ డ్రైవరు తాను విండోస్‌లోనే ఉన్నాననుకునేది. నెమ్మదే గానీ రాసేది.

2006లో హంగరీ దేశస్థుడు సాబోల్చ్ సాకాచిచ్ ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ ప్రకటించాడు. 2007 ఫిబ్రవరిలో మొదటి స్థిరమైన రూపం వచ్చింది. నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. హాస్టల్లో ఒక స్నేహితుడి సినిమాల ముక్కలోకి లైనక్స్ నుంచి ఫైలు రాసి, భయం భయంగా విండోస్ తెరిచి చూశాం. ఉంది! ఆ రాత్రి మేం చేసిన హడావిడి ఇప్పుడు చెప్తే ఎవరూ నమ్మరు. 2021లో పారగాన్ అనే సంస్థ తన డ్రైవరును ఇచ్చేస్తే అది లైనక్స్ కెర్నెల్‌లోకే వచ్చింది. 14 ఏళ్లు ఆలస్యం, ఎవరూ పండగ చేసుకోలేదు.

ఈ మధ్యలో పేటెంట్ల తగాదా ఒకటుంది. ఫ్యాట్‌లో పొడుగు పేర్లు రాసే పద్ధతి తమదని మైక్రోసాఫ్ట్ 2009 ఫిబ్రవరిలో టామ్‌టామ్ మీద దావా వేసింది, మార్చిలోనే రాజీ అయ్యారు. పదేళ్ల తర్వాత, 2019 ఆగస్టులో, అదే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఫ్యాట్ వివరాలన్నీ బయటపెట్టి లైనక్స్‌లో కలుపుకోమంది. కాలం మారింది. 2016 నుంచి విండోస్ లోపలే లైనక్స్ నడుస్తోంది కాబట్టి, ఇప్పుడు చాలామందికి కంప్యూటర్ ఆపి మళ్లీ వేసే పనే లేదు.

సరే, పద్దు సంగతి అయింది. పద్దు చదవడం వచ్చినంత మాత్రాన అయిపోలేదని నాకు దమ్మాం వచ్చాకే బాగా తెలిసింది. ఇక్కడ మా గదుల్లో ఉన్నవాళ్ల కంప్యూటర్లు ఎన్నో చూశాను. వచ్చే ఫిర్యాదులు మూడు నాలుగు రకాలే.

ఒకటి: "అన్నా, నిన్న పెట్టిన ఫోటోలు ఇయ్యాల లేవు." ఎందుకంటే విండోస్‌ను ఆపలేదు, హైబర్నేట్ చేశారు, అంటే పడుకోబెట్టారు. పడుకున్న పట్వారీ చంకలో నిన్నటి పహాణీ నకలు ఉంటుంది. ఈలోగా మీరు లైనక్స్‌లోకి వెళ్లి అసలు పహాణీలో కొత్త పేర్లు రాశారు. ఈయన లేచి తన పాత నకలే నిజమనుకుని పని మొదలుపెడతాడు. మీరు రాసింది గల్లంతు. 2012లో విండోస్ 8 వచ్చాక ఇది ఇంకా చిక్కయింది. త్వరగా మేల్కోవడానికని, షట్ డౌన్ నొక్కినా లోపల సగం పడుకోవడమే మొదలుపెట్టింది. ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ ఆ సంగతి కనిపెట్టి "నేను రాయను" అంటుంది, దాన్ని తిట్టుకుంటారు గానీ అది చేసేది మేలే. రెండు సిస్టమ్‌లు ఉంచుకునేవాళ్లు ఆ ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యండి.

రెండు: ఒకాయన తన పెళ్లి వీడియో పెట్టుకోబోతే, 40 గిగాబైట్లు ఖాళీ ఉన్నా పట్టదంది. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు. పెళ్లి మూడు రోజులు చేశారు, ఏం చేస్తాం, రెండు ముక్కలు చేసి ఇచ్చాను.

మూడోది గడియారం. కంప్యూటర్లో బ్యాటరీతో నడిచే చిన్న గడియారం ఉంటుంది. విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది, లైనక్స్ గ్రీనిచ్ సమయం అనుకుంటుంది. సౌదీకి గ్రీనిచ్‌తో తేడా 3 గంటలు. విండోస్‌లో రాత్రి 9 గంటలకు ఆపి లైనక్స్ తెరిస్తే అర్ధరాత్రి 12 చూపిస్తుంది. మన దేశంలో అయితే అయిదున్నర గంటల తేడా, వెంటనే తెలిసిపోతుంది. ఇక్కడ మూడే కాబట్టి ఏదో పొరపాటులే అనుకుని వదిలేస్తారు. ఆ తర్వాత ఏ ఫైలు కొత్తదో, ఏది పాతదో తారుమారు. కొత్తది అనుకుని పాతదాన్ని ఉంచుకుంటారు.

ఇది చాలదన్నట్టు, ఇక్కడ కొన్న కంప్యూటర్లో విండోస్‌ను అరబిక్ సౌదీ అమరికలో వదిలేస్తే తేదీలు హిజ్రీలో కనిపిస్తాయి. ఉమ్ అల్-ఖురా పంచాంగం అన్నమాట. 2014 అక్టోబరు 25న రాసిన ఫైలు అక్కడ 1436 ముహర్రం 1న రాసినట్టు ఉంటుంది. లైనక్స్‌కు మారితే 2014. మా గదిలో ఒకాయన జీతం లెక్కలు అలాగే రాసుకునేవాడు. హిజ్రీ సంవత్సరం పది పదకొండు రోజులు చిన్నది కాబట్టి ఆయన లెక్కలో ఎప్పుడూ కొన్ని రోజుల జీతం తేలేది కాదు. 2016 అక్టోబరు నుంచి ఇక్కడి ప్రభుత్వమే ఉద్యోగుల జీతాలు ఇంగ్లీషు నెలల లెక్కన ఇవ్వడం మొదలుపెట్టింది.

ఇక అసలు చిక్కు, అక్షరాలు. పద్దు కలిసినా, గడియారం కలిసినా, పేరు రాసిన అక్షరాలు కలవకపోతే ఏం లాభం? ఈ బాధ ఇంగ్లీషువాళ్లకు తెలియదు. అరబ్బులకూ మనకూ తెలుసు.

అరబిక్‌కు 1980ల్లో యూనిక్స్ లోకం వాడిన సంకేతాల వరుస ఒకటి, ఐఎస్ఓ 8859-6 అంటారు. విండోస్ వాళ్ల వరుస 1256 ఇంకొకటి. డాస్‌లో 720 అని మరొకటి. తమాషా ఏమిటంటే, మొదటి రెండూ అలిఫ్ నుంచి చాలా దూరం ఒకే దారిలో వెళ్తాయి. "తోయ్" అక్షరం దగ్గర విడిపోతాయి. విండోస్ వాళ్లు ఉత్తరాఫ్రికాలో ఫ్రెంచి కూడా రాస్తారు కదా అని మధ్యమధ్యలో ఫ్రెంచి అక్షరాలకు చోటు వదిలారు. దాంతో అరబిక్ అక్షరాలు పక్కకు జరిగాయి. ఫలితం ఏమిటో ఒక్క ఉదాహరణ చెప్తాను. విండోస్‌లో పాత పద్ధతిలో "అద్దమ్మాం" అని మా ఊరి పేరు రాసిన ఫైలును లైనక్స్‌లో 8859-6 వరుసతో తెరవండి. లామ్ ఉన్నచోట ఫే, మీమ్ ఉన్నచోట కాఫ్ వస్తాయి. అలిఫ్, దాల్ కదలవు. "అఫ్దకాక్" అని ఒక ఊరు తయారవుతుంది. పూర్తిగా చెత్త కనబడితే తప్పని వెంటనే తెలుస్తుంది. ఇది అరబిక్ లాగే ఉంటుంది, అదే ప్రమాదం.

మా పక్కనే దహ్రాన్. చమురు వెతికేవాళ్లు భూమిలోకి తరంగాలు పంపి తీసుకునే కొలతలకు సెగ్-వై అనే పద్ధతి ఉంది, 1975లో అచ్చువేశారు. దానిలో మొదటి 3200 బైట్లు మాటలే, 80 అక్షరాల వరుసలు 40, అవి కూడా పాత ఐబీఎం పెద్ద యంత్రాల అక్షర సంకేతాల్లో. ఇవాళ్టికీ ఆ పద్ధతి వాడుకలో ఉంది. వాళ్లకు గొడవ లేదు, ఎందుకంటే ఏ అక్షరాలో ముందే కాగితం మీద రాసుకున్నారు.

మన తెలుగు సంగతి అంతకన్నా విచిత్రం. విండోస్‌లో తెలుగు ఫాంట్లు చాలా వచ్చాయి, ఒక్కొక్కరిది ఒక్కో వరుస. ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూచోబెట్టేవాళ్లు. ఆ ఫైలును లైనక్స్‌లో తెరిస్తే ఫాంటు లేక చిత్తు గీతలు. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటుంది. తెర మీద సరిగ్గా కనబడటానికి పదేళ్లు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు రెండు వైపులా పనికొచ్చాయి. పాత ఫాంట్ల పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే పనిముట్టును వెన్న నాగార్జున గారు చేశారు. వీళ్లకు మనం ఎంత ఋణపడ్డామో లెక్క కట్టలేం.

యూనికోడ్ వచ్చాక కూడా ఫైలు పేర్లు ఒక పట్టాన కుదరలేదు. ఫ్యాట్ ముక్కను లైనక్స్‌కు తగిలించేటప్పుడు పేర్లు యూటీఎఫ్-8లో చూపించమని చెప్పాలి. చెప్పకపోతే తెలుగు పేరు ప్రశ్నార్థకాల వరుసై కూచుంటుంది. "?????" అనే ఫైలును పేరుతో పిలవలేం. ఇంకో మెలిక ఉంది. లైనక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు, అరబిక్‌కు 2, తెలుగుకు 3. అంటే మనకు 85 సంకేతాలే. "లక్ష్మి" అని రాస్తే కంటికి రెండక్షరాలు, లోపల వత్తులూ గుణింతాలూ కలిపి 7 సంకేతాలు, 21 బైట్లు. విండోస్‌లో ఈ ఇబ్బంది లేదు, 255 సంకేతాలు పడతాయి. కాబట్టి ఒక పల్లవి మొత్తం పేరుగా పెట్టిన పాట విండోస్‌లో హాయిగా ఉంటుంది, లైనక్స్ ముక్కలోకి తెస్తే "పేరు మరీ పొడవు" అని తిప్పికొడుతుంది.

ఈ ప్రశ్నార్థకాల దెబ్బ కాలేజీలో ఒకసారి తిన్నవాణ్ణి. అందుకే 2013లో క్యాసెట్లు ఎక్కించేటప్పుడు తెలివిగా ఆలోచించాననుకున్నాను. తెలుగు లిపిలో పేర్లే వద్దు, ఇంగ్లీషు అక్షరాల్లో పెడదాం, ఏ సిస్టమ్‌లోనైనా చెడవు అనుకున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడానికి మనకు ఆర్‌టీఎస్ ఉండనే ఉంది. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ గార్లు తయారుచేసిన పద్ధతి. 1990ల్లో ఇంటర్నెట్ న్యూస్‌గ్రూపులో తెలుగువాళ్లు దానితోనే కవితలు రాసుకున్నారు, పోట్లాడుకున్నారు. అదెంత మంచి ఉపాయమంటే, యూనిక్స్‌లో రాసినా డాస్‌లో రాసినా ఒకేలా చదవొచ్చు. 2006లో వీవెన్ గారు చేసిన లేఖినిలో కూడా అదే. నా వేళ్లకు అది బాగా అలవాటు.

ఆర్‌టీఎస్‌లో చిన్నక్షరానికీ పెద్దక్షరానికీ తేడా ఉంది. చిన్న "టి" కొడితే త, పెద్ద "టి" కొడితే ట. చిన్న "ఎల్" ల, పెద్ద "ఎల్" ళ. ఒక్క ఎల్ మారితే కల కళ అవుతుంది. లైనక్స్‌కు కూడా చిన్నక్షరం వేరు, పెద్దక్షరం వేరు. రెండూ రెండు ఫైళ్లు. డాస్ సంతానానికి మాత్రం అలా కాదు. అది పేరును మీరు రాసినట్టే చూపిస్తుంది, లోపల మాత్రం రెండూ ఒకటే అనుకుంటుంది.

ఒక క్యాసెట్‌లో నాయనమ్మ పాడిన బతుకమ్మ పాట. ఆ ఫైలుకు "పాట" అని పేరు పెట్టాను. ఇంకోటి అన్నిటికన్నా పాతది, 1991 నాటిది. నాయనమ్మ బాపుతో మాట్లాడుతుంది, మధ్యలో నేను వచ్చి ఏవో కూస్తుంటాను. దానికి "పాత" అని పెట్టాను. రెంటికీ తేడా ఒక్క "టి" పెద్దదా చిన్నదా అన్నదే. ఫోల్డరంతా ఉమ్మడి ఫ్యాట్32 ముక్కలోకి కాపీ చేశాను. మధ్యలో "ఇదే పేరుతో ఫైలుంది, మార్చమంటారా?" అని అడిగింది. అంతకు ముందు సగంలో ఆగిపోయిన కాపీ ఒకటుంది, దాని గురించి అడుగుతోందనుకుని "అన్నీ మార్చు" నొక్కాను. ఆ వారంలోనే లైనక్స్ కొత్త రూపం ఎక్కిద్దామని దాని ముక్క మొత్తం తుడిచేశాను. అన్నీ ఉమ్మడి ముక్కలో ఉన్నాయి కదా అని ధైర్యం. తప్పు నాదే, ఎవరినీ అనడానికి లేదు.

2014లో దమ్మాం వచ్చాక, ఒక శుక్రవారం మధ్యాహ్నం వంట అయ్యాక, గదిలోవాళ్లకు వినిపిద్దామని తెరిచాను. అక్కడున్నవాళ్లల్లో ఇద్దరి ఇళ్లల్లో కూడా క్యాసెట్ల కాలం నడిచింది. పాట వచ్చింది. పాత లేదు. ఎంత వెతికినా లేదు. పోయిన ఫైళ్లు తవ్వితీసే ప్రోగ్రాం నడిపాను, దాని చోట్లో అప్పటికే వేరేవేవో రాసేసి ఉన్నాయి. రాత్రి బాపుకు ఫోను చేశాను.

"గా టేపు నా సందూగులనే ఉన్నది గదరా," అన్నాడు. "గదేదో పోయినట్టు గింత పరేషాన్ అయితున్నవ్."

"ఎట్లున్నదో చూడు బాపూ."

"నువ్వే వచ్చి చూడు. నేను ముట్టుకుంటె ఇంకింత ఖరాబైతది."

2015లో సెలవు మీద వెళ్లి చూశాను. టేపు చుట్టల మీద తెల్లటి బూజు. ఊళ్లో పనిచేసే టేపురికార్డరు లేదు. జగిత్యాలలో ఒక రిపేరు షాపాయన తన దగ్గరున్న పాతది దుమ్ము దులిపి, రబ్బరు బెల్టు మార్చి ఇచ్చాడు. చేత్తో నెమ్మదిగా రెండుసార్లు చుట్టి, దూదితో తుడుస్తూ నడిపించాను. ఒకవైపు 45 నిమిషాలుండాలి. 28 నిమిషాల దాకా వచ్చింది. తర్వాత గొంతు నీళ్లల్లో మాట్లాడినట్టు అయిపోయి, చివరికి ఉత్త బుస. రెండోవైపు మొదట్లోనే తెగింది.

ఆ 28 నిమిషాల్లో నాయనమ్మ బోరు బావిలో నీళ్లు ఎన్ని గజాల దగ్గర పడ్డాయో చెప్తుంది. మిరపచేను సంగతి చెప్తుంది. "పిల్లగాడు నీ తీరుగనే మొండోడు" అంటుంది నా గురించి. రెండు ఎక్కం మొత్తం ఒప్పజెప్పానట, అది వినబడలేదు, రెండోవైపు ఉండాలి. బాపు పక్కనే కూచుని విన్నాడు. బోరు లోతు ఆమె తప్పు చెప్పిందన్నాడు.

ఇప్పుడు ఆ ఫైలు మూడు చోట్ల ఉంది. పేరు పెట్టలేదు. 07 అని అంకె వేశాను.